ట్రాలీ దించే చోటు

మోకాలికి మంచిదని డాక్టరమ్మ చెప్పింది,
చక్కెర కూడా దిగుతుందంట.
అందుకని ఐదున్నరకంతా బూట్లు కట్టుకొని
బిట్రగుంట లోకోషెడ్డుకు పోయే పాతలైను మీద నడుస్తుండా.
లైనంటే ఇప్పుడు లైను లేదు.
పట్టాలు పీకి వేలం వేసినారు.
స్లీపరు చెక్కలు కొన్ని పొయ్యిల్లో కాలిపోయినాయి,
కొన్ని మా వీధిలోనే గొడ్ల కొట్టానికి గుంజలైనాయి.
మిగిలిన కట్ట మీద ఎర్రబిళ్లలు పరిచి
రెండుపక్కలా పచ్చగన్నేరు నాటి
వాకింగ్ ట్రాకు అంటుండారు.

పేరు మారింది గానీ వంపు మారలా.
గూడ్సుబండి ఎంత నిదానంగా తిరిగేదో
మనమూ అంత నిదానంగానే తిరగాల.
ఎదురుగా కనపడే రాగిజావ బండి కాడికి
అడ్డంగా పోతే ఇరవై అడుగులు,
దారెంబడి పోతే నూటపది.
ఇంకో సంగతి, షెడ్డు వైపు కొంచెం ఎగువ.
కంటికి ఆనదు. మోకాలికి తెలుస్తుంది.
నాయనకి ఊపిరితో తెలిసేది.

నాయన చెంగయ్య, ట్రాలీమేను.
ఇనస్పెక్టరు గొడుగు కింద కూర్చుంటే
వెనకనించి ఇద్దరు, చెరొక పట్టా మీద,
ఉత్తకాళ్లతో పరిగెత్తి తోసేవాళ్లు.
ఆయాసమొస్తే వాళ్లెక్కి ఇంకో ఇద్దరు దిగేవాళ్లు.
జానెడు కూడా లేని ఇనుము మీద పరుగు.
కిందికి చూడకూడదంట. చూస్తే జారతావు.
రోహిణికార్తెలో పట్టా పెనం.
రాత్రి ఆముదం రాసుకుంటా నాయన కాలు చాపితే
అరికాలు నున్నంగా, లాంతరు వెలుగు అందులో కదిలేది.
మొహం కనపడుతుందేమోనని నేను వంగితే
నవ్వి కాలు ముడుచుకునేవాడు.

ట్రాకు నడిమధ్యలో గులకరాళ్ల బాట ఒకటుండాది.
బూట్లిప్పి దాని మీద పదినిమిషాలు నడిస్తే
బీపీ తగ్గుతుందని బోర్డు.
రిటైరయిన బ్యాంకు మేనేజరు, చీటీల సుగుణమ్మ,
అబ్బా అబ్బా అనుకుంటా నడుస్తుంటారు.
నేను దాని మీదికి ఎక్కను.
ఆ నడక మా ఇంట్లో ఒకరు నడిచేసినారు,
నెలకి మూడొందల పది రూపాయలకి.

ఈ మాటకి రమీజా నవ్వింది.
వాళ్ల మామ ఖాదర్ బాషా రెండో పట్టా.
నాయన కుడి, ఆయన ఎడమ.
ఇరవయ్యేళ్లు పక్కపక్కనే పరిగెత్తినారు
ఐదున్నర అడుగుల ఎడంలో,
ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా.

బండి వచ్చే జాడ తెలిస్తే ట్రాలీ ఆపి
నలుగురూ నాలుగు మూలలు పట్టి ఎత్తి
కట్ట పక్కన దించేవాళ్లు.
దానికని అక్కడక్కడా చదును చేసిన చోట్లుండేవి.
మెయిలు దడదడమని పోయిందాకా
అక్కడే నిలబడి బీడీ.
మళ్లా ఎత్తడం, మళ్లా పరుగు.
ఆ చోట్లలోనే ఇప్పుడు సిమెంటు బెంచీలేసినారు,
దాతల పేర్లు చెక్కి.
కాంట్రాక్టరు ఎట్టా ఎంచాడో మరి.
చదునుగా ఉండాదని ఎంచుంటాడు.

ఆఖరి నెలలో నాయన మంచాన పడి,
రాత్రిళ్లు అవుటర్లో కూత వినపడితే
రెండు చేతులూ దుప్పట్లోనించి తీసి
దేన్నో పట్టుకొని పైకి లేపబోయేవాడు.
లేచేది కాదు.
"పట్టుకోండిరా" అనేవాడు గోడకేసి.
అమ్మ ఆ చేతుల్ని మెల్లగా మంచం మీదికి దించేది.
మిగతా మూడు మూలలు పట్టేవాళ్లు కావాలని
మాకెవురికీ తట్టలా.
నేను చదువుకున్నదాన్ని. నాక్కూడా.

ఇయ్యాల వెనకనించి సైకిలు బెల్లు.
పేపరు పిల్లోడు,
సైకిళ్లు రాకూడదని బోర్డున్నా వస్తాడు.
నేను, రమీజా, సుగుణమ్మ, ఎస్తేరు టీచరు,
కూరగాయల ధరలు మాట్లాడుకుంటానే
నలుగురం బిళ్లల మీదనించి పక్కకి దిగినాం,
బెంచీ కాడ.
వాడు పోయినాడు.
వాళ్లు ముగ్గురూ ఎక్కినారు.

"ఏందక్కా, అట్టా నిలబడిపోయినావు?"

ఏం లేదు.
ఇంకో బండి ఉండాదేమోనని చూస్తుండా.